ఏఐ చేతికి ఇచ్చే టూల్.. దాని మీద రాసిందే రేపటి రూలు

కృత్రిమ మేధ నిన్నమొన్నటిదాకా మాట్లాడింది. ఇప్పుడు పనిలోకి దిగింది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే చాట్‌బాట్ల తర్వాత ‘ఏఐ ఏజెంట్లు’ వస్తున్నాయి. టికెట్ బుక్ చేయడం, ఫారం నింపడం, అర్జీ ఏ టేబుల్ దాకా వచ్చిందో కనుక్కోవడం, అవసరమైతే డబ్బు కట్టడం.. మనిషి ఒక్కో మెట్టూ చెప్పకుండానే ఇవన్నీ చేసుకుపోయే సాఫ్ట్‌వేర్ ఇది. ప్రైవేటు కంపెనీలు ముందు వరుసలో ఉన్నాయి. ప్రభుత్వాల చూపు కూడా అటే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఫోన్‌లో మెనూ నొక్కే చోట రేపు ఏజెంటే కూర్చుంటుందని అనుకోవడానికి పెద్ద ఊహాశక్తి అవసరం లేదు.

ఈ మార్పు మీద చర్చంతా ఉద్యోగాలు పోతాయా, ఉంటాయా అన్నదాని చుట్టే తిరుగుతోంది. అది అవసరమైన చర్చే. కానీ దాని చాటున ఇంకో సంగతి ఉండిపోతోంది. ఏజెంట్‌కు ఇచ్చే ఒక్కో టూల్ మీద, అది ఏం చేస్తుందో, ఎలా వాడాలో నాలుగు వాక్యాలు రాసి ఉంటాయి. ఆ వాక్యాలు ఎవరు రాస్తున్నారు? ఎంత స్పష్టంగా రాస్తున్నారు? తప్పు రాస్తే ఎవరికి దెబ్బ? వినడానికి ఇంజనీర్ల గోలలా ఉంటుంది గానీ, రేషన్ కార్డు కోసం లైన్లో నిలబడే మనిషికి కూడా సంబంధం ఉన్న ప్రశ్న ఇది.

టూల్ అంటే ఏంటి?

ఏఐ మోడల్‌కు సొంతంగా చేతులుండవు. బయటి డేటాబేస్‌లో వెతకాలన్నా, మెయిల్ పంపాలన్నా సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు దానికి టూల్స్ ఇవ్వాలి. ఒక్కో టూల్‌కు ఒక పేరు, పనిని చెప్పే కొంత వివరణ, ఏయే సమాచారం పంపాలో చెప్పే గడుల జాబితా ఉంటాయి. సాధారణంగా మోడల్‌కు కనిపించేది ఇంతే. లోపల రాసిన కోడ్ దానికి కనబడదు. ఏ టూల్ వాడాలి, ఏ గడిలో ఏం పెట్టాలి అని ఆ వివరణ చదివే నిర్ణయించుకుంటుంది.

ఈ పద్ధతి పుట్టి ఎక్కువ కాలం కాలేదు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడళ్లకు బయటి ఫంక్షన్లను పిలిచే ఏర్పాటు ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. క్లుప్తంగా ఎంసీపీ అంటారు. ఒకసారి ఈ పద్ధతిలో టూల్ తయారుచేస్తే దాన్ని పాటించే ఏ ఏజెంటైనా వాడుకోవచ్చు. 2025లో ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా దీనికి మద్దతు ప్రకటించాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఎంసీపీ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరింది. పోటీ కంపెనీలన్నీ ఒకే ప్లగ్గు వాడటం మొదలైందన్నమాట. అంటే ఒకచోట రాసిన నాలుగు వాక్యాలను ఇక లెక్కలేనన్ని ఏజెంట్లు చదువుతాయి.

మనిషి అడుగుతాడు.. మిషన్ ఊహిస్తుంది

సాఫ్ట్‌వేర్‌కు వివరణ పత్రాలు రాయడం కొత్త పనేం కాదు. ఆ పత్రాలు సరిగా ఉండవన్నది కూడా పాత ఫిర్యాదే. ఇన్నాళ్లు దాంతో బండి నడిచింది. ఎందుకంటే చదివేది మనిషి. అర్థం కాకపోతే పక్క సీటు మనిషిని అడుగుతాడు, ఫోన్ చేస్తాడు, ఒకసారి పరీక్షించి చూస్తాడు. పత్రంలో ఉన్న ఖాళీని మనిషి అనుభవం పూడ్చేది.

ఏజెంట్ దగ్గర ఆ సౌకర్యం తక్కువ. ఖాళీ కనిపిస్తే చాలాసార్లు అది ఆగదు. తనకు సహజంగా తోచినదాన్ని పెట్టి ముందుకు పోతుంది. పైగా తడబాటు లేకుండా, చక్కటి భాషలో ఫలితం చెబుతుంది కాబట్టి పొరపాటు జరిగిందన్న అనుమానం కూడా రాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఏడాది ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు. అర్హత చూసే ఒక టూల్ తయారైందనుకోండి. అందులో ‘ఆదాయం’ అని ఒక గడి ఉంది. నెలకా, ఏడాదికా అన్నది రాయలేదు. హైదరాబాద్ బస్తీలో గోడలకు రంగులేసే ఒక కార్మికుడు ఏజెంట్‌కు ఇలా చెప్పాడు: “పని దొరికిన నెలల పద్దెనిమిది వేలు వస్తయి.”

కౌంటర్ దగ్గర గుమస్తా ఉంటే, “వానాకాలంల గూడ పని ఉంటదా భాయ్?” అని అడుగుతాడు. ఉండదని, ఏడాదిలో 8 నెలలే పనని తేలుతుంది. 18 వేలను 8తో గుణిస్తే లక్షా 44 వేలు. పరిమితి లోపలే ఉన్నాడు, అర్హుడు. ఏజెంట్ మాత్రం ఆ ప్రశ్న వేయాలని ఎక్కడా రాయలేదు కాబట్టి 18 వేలను 12తో గుణిస్తుంది. 2 లక్షల 16 వేలు. అనర్హుడు. కోడ్‌లో తప్పు లేదు, మోడల్‌కు లెక్కలు రాక కాదు. టూల్ మీద ఒక వాక్యం తక్కువైంది. “గత 12 నెలల్లో వచ్చిన మొత్తం, రూపాయల్లో. పని లేని నెలలున్నాయేమో అడిగిన తర్వాతే నింపాలి” అని రాసి ఉంటే ఆ ఇంటికి బియ్యం ఆగేది కాదు.

తయారీదారులకే తగిలిన దెబ్బలు

మోడళ్లను తయారుచేసే కంపెనీలకు కూడా ఇది అనుభవంలోకి వచ్చింది. కోడ్‌లో లోపాలు సరిచేసే ఏజెంట్‌ను తయారుచేస్తున్నప్పుడు, మొత్తం సూచనల కన్నా టూల్స్‌ను మెరుగుపరచడానికే తమకు ఎక్కువ సమయం పట్టిందని ఆంత్రోపిక్ 2024 డిసెంబర్‌లో రాసింది. ఏజెంట్ ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లాక ఫైళ్ల చిరునామాలు తప్పు ఇస్తోంది. “పక్క వీధిలో మూడో ఇల్లు” అన్నట్టు సగం చిరునామా చాలనడమే దీనికి కారణం. ఎప్పుడైనా పూర్తి చిరునామాయే ఇవ్వాలని టూల్‌ను మార్చాక ఆ తప్పులు పోయాయి. మోడల్ అదే. మారింది టూల్ అడిగే తీరు.

అదే సంస్థ 2025లో చెప్పిన ఇంకో ఉదంతం ఉంది. వెబ్‌లో వెతికే టూల్‌ను విడుదల చేసినప్పుడు, మోడల్ అవసరం లేకపోయినా వెతుకులాటకు ‘2025’ అని తగిలిస్తోంది. దాంతో ఫలితాలు పక్కదారి పట్టాయి. టూల్ వివరణను మార్చి దాన్ని దారిలోకి తెచ్చారు. గడి పేరును ఉత్త ‘యూజర్’ అని వదిలేయకుండా ‘యూజర్ ఐడీ’ అని రాయాలన్నది వాళ్లు ఇచ్చిన మరో సలహా. పేరు కావాలా, నంబర్ కావాలా అన్న గందరగోళం ఆ ఒక్క మాటతో పోతుంది.

‘మొహమ్మద్’ను ఎన్ని రకాలుగా రాస్తారు?

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య అన్నిటికన్నా ముందు తగిలేది పేరు గడి దగ్గరే. ఒకే మనిషి ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు కార్డులో మహ్మద్, బ్యాంకు పుస్తకంలో ‘ఎండీ’. షేక్ ఒకచోట పేరుకు ముందుంటుంది, ఇంకోచోట అసలే ఉండదు. బేగం, బీ, ఉన్నీసా లాంటివి ఒక కాగితంలో ఉంటాయి, మరో కాగితంలో ఎగిరిపోతాయి. ఇంటిపేరు ముందు రాసే తెలుగు కుటుంబాలకు కూడా తిప్పలు తప్పవు. ‘మొదటి పేరు, చివరి పేరు’ అని అడిగే ఫారంలో ఏది ఎక్కడ రాయాలో తెలియక ఒక్కో ఆఫీసులో ఒక్కో తీరుగా రాసినవాళ్లు ఎందరో.

టూల్ మీద ‘పేరుతో వెతుకుతుంది’ అని మాత్రమే రాస్తే ఏజెంట్‌కు ఏం తెలుస్తుంది? అక్షరం తేడా వస్తే దొరకదా? దగ్గరి పేర్లు కూడా చూపిస్తుందా? ఇద్దరు దొరికితే మొదటివాడినే తీసుకోవాలా? ఇవేవీ రాయకపోతే ఏజెంట్ ఒకరిని ఎంచుకుంటుంది.

పేర్లు కలిపేసినప్పుడు ఏం జరుగుతుందో తెలంగాణ ఇప్పటికే చూసింది. వివిధ శాఖల రికార్డులను కలిపి ఒక్కో కుటుంబం వివరాలు తేల్చే ‘సమగ్ర వేదిక’ వ్యవస్థను రేషన్ కార్డుల ఏరివేతలో వాడారు. అది ఏఐ ఏజెంట్ కాదు, రికార్డులను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయని 2024 జనవరిలో అల్ జజీరా పరిశోధనాత్మక కథనం బయటపెట్టింది. దగ్గరి పేరున్న మరో వ్యక్తి కారును రిక్షా తొక్కే పేదవాడి ఖాతాలో వేయడంతో ఆ కుటుంబానికి బియ్యం ఆగిపోయిన ఉదంతాన్ని ఆ కథనం వివరించింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించాలని సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ అనుభవం ఒక పాఠం మిగిల్చింది. ఏ రూలు ప్రకారం ఇద్దరిని ఒక్కరుగా లెక్కేశారో కార్డు పోయినవాళ్లకు తెలియదు. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లకు కింది సిబ్బంది చెప్పగలిగింది కంప్యూటర్‌లో అట్లనే వస్తోందని మాత్రమే. అలాంటి రికార్డులనే రేపు ఏజెంట్ల చేతికి టూల్స్‌గా ఇస్తే, అస్పష్టమైన వివరణ పాత తప్పునే ఇంకా వేగంగా చేయిస్తుంది.

మంచి వివరణలో ఏం ఉండాలి?

ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. కొత్తగా చేరిన కుర్రాడికి అనుభవమున్న ఉద్యోగి పని అప్పజెప్పేటప్పుడు ఏం చెబుతాడో, అదంతా రాతలో ఉండాలి.

మొదటిది, ఎప్పుడు వాడాలో చెప్పినట్టే ఎప్పుడు వాడకూడదో కూడా చెప్పాలి. ‘కార్డు స్థితి చూడటానికి మాత్రమే. కొత్త అర్జీకి ఇది పనికిరాదు’ అన్న ఒక్క ముక్క చాలా తప్పులను ఆపుతుంది.

రెండోది, కొలతలు, తేదీలు. 05/03/1984 అంటే ఇక్కడ మార్చి 5, అమెరికా లెక్కలో మే 3. సంవత్సరం, నెల, రోజు వరుసలో 1984-03-05 అని పంపాలని ఉదాహరణతో రాయాలి. రూపాయలా, వేలా, లక్షలా అన్నది కూడా చెప్పాలి. కొలతల తేడా ఎంత పని చేస్తుందో నాసాను అడిగితే తెలుస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ బ్రిటిష్ కొలతల్లో ఇచ్చిన అంకెలను ఇంకో సాఫ్ట్‌వేర్ మెట్రిక్ కొలతలుగా తీసుకోవడంతో 1999 సెప్టెంబర్‌లో ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అంగారకుడి దగ్గర నాశనమైపోయింది.

మూడోది, ‘దొరకలేదు’కు, ‘చూడలేకపోయాను’కు తేడా చూపించాలి. సర్వర్ మొరాయించినప్పుడు టూల్ ఖాళీ జాబితా ఇస్తే, ఏజెంట్ దాన్ని చదివి “మీ పేరు జాబితాలో లేదు” అని చెప్పేస్తుంది. ఆ మాట విన్న ముసలమ్మ ఇంటికి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. పేరు మాత్రం జాబితాలోనే ఉంటుంది.

నాలుగోది, తప్పు వస్తే ఏం చేయాలో చెప్పాలి. ‘ఎర్రర్ 400’ అని ఒక నంబర్ పారేస్తే ఏజెంట్ ఏదో ఒకటి మార్చి మళ్లీ కొడుతుంది. ‘పుట్టిన తేదీ వరుస తప్పు, ఫలానా తీరులో పంపాలి’ అంటే సరిచేసుకుంటుంది.

ఐదోది, ఆ పనిని వెనక్కి తీసుకోవచ్చా? కేవలం చూసే టూల్ ఏది, రికార్డును మార్చేది ఏది, తుడిచేసేది ఏది? రెండుసార్లు పిలిస్తే డబ్బు రెండుసార్లు కట్ అవుతుందా? ఈ సంగతులు చెప్పడానికి ఎంసీపీలో విడిగా గుర్తులు పెట్టే వీలుంది. వాటిని నింపే బాధ్యత మాత్రం టూల్ రాసేవాళ్లదే.

చివరిది, మనిషి దగ్గరికి ఎప్పుడు పంపాలి? ‘ఒకే పేరుతో ఇద్దరు దొరికితే ఎంచుకోవద్దు, అధికారికి పంపు’ అన్న వాక్యం సమగ్ర వేదిక లాంటి అనుభవం చూసిన రాష్ట్రంలో ప్రతి టూల్ మీదా ఉండాల్సిందే.

ఇక భాష సంగతి. తెలంగాణలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా అధికార భాషే. టూల్ వివరణ ఇంగ్లిష్‌లో ఉన్నా, వచ్చే పేర్లు, ఊర్లు, వృత్తులు తెలుగు, ఉర్దూ లిపుల్లో కూడా ఉండొచ్చని, అప్పుడేం చేయాలని అందులో రాసి తీరాలి.

కాగితం తాళం కాదు

స్పష్టత అంటే పేజీలకు పేజీలు నింపడం అనుకుంటే మళ్లీ పొరపాటే. మోడల్ ఒకేసారి దృష్టిలో పెట్టుకోగల సమాచారానికి హద్దుంది. పదుల కొద్దీ టూల్స్, ఒక్కోదానికి పురాణమంత వివరణ ఇస్తే అసలు మాట మరుగున పడుతుంది. ఒకేలా కనిపించే మూడు టూల్స్ కన్నా, పని స్పష్టంగా తెలిసే ఒక్క టూల్ మేలు.

అంతకన్నా ముఖ్యమైనది, రాతతోనే భద్రత రాదు. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏఐ ఏజెంట్‌ను వాడుతున్న ఒక ఇన్వెస్టర్, ఇప్పుడేమీ మార్చొద్దని స్పష్టంగా చెప్పినా, అది నడుస్తున్న డేటాబేస్‌నే తుడిచేసింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, పరీక్షలకు వాడే డేటాబేస్‌ను అసలు డేటాబేస్ నుంచి వేరుచేసే ఏర్పాటు ప్రకటించారు. ‘ముట్టుకోవద్దు’ అని బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు, తలుపుకు తాళం కూడా ఉండాలి. తుడిచేసే అధికారమే ఇవ్వకపోతే తుడిచే ప్రమాదమే ఉండదు.

ఇంకో కోణం మోసం. ఏజెంట్ వివరణను నమ్ముతుంది కాబట్టి, ఆ వివరణలోనే విషం కలపొచ్చు. టూల్ వివరణలో మనిషి కంట పడని చోట రహస్య ఆదేశాలు దాచి, వాడేవారి సమాచారాన్ని బయటికి లాగొచ్చని 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ చేసి చూపించింది. అందుకే ఎవరు రాసిన వివరణో తెలియని టూల్‌ను తగిలించుకోవడం, ముక్కూ మొహం తెలియనివాడికి ఇంటి తాళం ఇవ్వడం లాంటిదే.

జవాబుదారీ ఎవరిది?

తప్పు జరిగాక “అది ఏఐ చేసింది” అనేసి చేతులు దులుపుకునే ప్రయత్నం ఇప్పటికే ఒకటి జరిగింది. ఆప్తులు చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ రాయితీ గురించి ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు తాము బాధ్యులం కాదన్నట్టు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. మొత్తం చిన్నదే, సూత్రం పెద్దది. యంత్రాన్ని కౌంటర్‌లో కూర్చోబెట్టినవాడే దాని మాటకు జవాబుదారీ.

భారత్‌లో ప్రభుత్వ సేవల విషయానికొస్తే కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే ఒక దారి ఉంది. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగులు పని చేయడానికి వాడే నియమాలు, సూచనలు, మాన్యువళ్లను ప్రభుత్వ సంస్థలు అడగకుండానే ప్రజల ముందు పెట్టాలి. నిర్ణయం వల్ల దెబ్బతిన్నవారికి కారణాలు చెప్పాలి. ఉద్యోగి చదివే మాన్యువల్‌కు ఆ రూలు వర్తిస్తే, ఉద్యోగి స్థానంలో కూర్చునే ఏజెంట్ చదివే వివరణకు ఎందుకు వర్తించకూడదు? ఆ నాలుగు వాక్యాలే దాని మాన్యువల్. పాస్‌వర్డులు, భద్రతా ఏర్పాట్లు దాచుకోవచ్చు. ‘ఆదాయం అంటే ఏమిటి, పేరు ఎలా కలుపుతారు, అనుమానం వస్తే ఏం చేస్తారు’ అన్నవి దాచాల్సిన రహస్యాలు కావు.

బయటపెడితే ఫాయిదా రెండు వైపులా ఉంటుంది. బస్తీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, మీసేవ నడిపేవాళ్లు, రేషన్ డీలర్లు వాటిని చదివి ‘ఇక్కడ తప్పుంది’ అని ముందే చెప్పగలరు. ‘ఎండీ’ని ఎవరూ పూర్తి పేరుగా రాయరని, వలస వెళ్లినవాళ్ల చిరునామా మారుతూ ఉంటుందని వాళ్లకు తెలిసినంతగా గచ్చిబౌలి ఆఫీసులో కూర్చున్న డెవలపర్‌కు తెలియకపోవచ్చు. టూల్‌ను జనంలోకి వదిలే ముందు ఇలాంటి పేర్లు, ఇలాంటి ఆదాయాలు, ఇలాంటి చిరునామాలతో పరీక్షించి చూడటం పెద్ద ఖర్చేమీ కాదు. కార్డులు పోయాక సుప్రీంకోర్టు దాకా వెళ్లి లక్షల ఇళ్లను మళ్లీ పరిశీలించే ఖర్చుతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో వివరణ పత్రాలు రాసే పని ఇన్నాళ్లూ ప్రాజెక్టు ఆఖర్లో, టైం మిగిలితే చేసేదిగా ఉండిపోయింది. ఏజెంట్లు వచ్చాక ఆ లెక్క మారాలి. అక్కడ వదిలేసిన ఒక్క వాక్యం, పేరులో ఒక అక్షరం తేడా ఉన్న మనిషి నోటి కాడి బియ్యం కావచ్చు. ప్రభుత్వాలు ఏజెంట్లతో సేవలు మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సేవలు, ఎన్ని సెకన్లు అని చెబుతాయి. ప్రజలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ మిషన్ చేతిలో పెట్టిన కాగితం మీద ఏం రాశారు, మాకు చూపిస్తారా?